అవ్వ అనుట తప్పా?

మా పత్రికకు ఏదైన వ్రాసి యిమ్మని పదవ తరగతి విద్యార్థులు నన్ను రెండు మారులు అడిగిరి. భాషను గూర్చి వ్రాయుదునని చెప్పగా వారి ముఖములు చిన్నబోయినవి. సంధులు, సమాసములు వచ్చి మీద పడునని భయపడిరి కాబోలు. భయము వలదు. తెలుగు పంతులుగా నేను చేసిన యొక తప్పును గూర్చి వ్రాయుచున్నాను. ఇంతకాలము మీ తప్పులను నేను దిద్దితిని. ఒక్కసారి నా తప్పును మీరును, మీ తలిదండ్రులును చదువుట న్యాయమే.

నేను ఉద్యోగమున చేరిన రెండవ యేట, వేరొక పాఠశాలలో, ఆరవ తరగతి వారిని "మా యిల్లు" అను వ్యాసము వ్రాసి తెమ్మంటిని. పుస్తకములు దిద్దుచుండగా ఒక బాలిక వ్రాసినది నా చేతికి వచ్చెను. దస్తూరి ముత్యములవలె నుండెను. వ్యాసము ఇట్లుండెను: "మా అవ్వ పొద్దుగాల లేస్తది. సల్ల చేస్తది. బాపు బాయికి పోతడు. మా బాపమ్మ ఇంటి ముంగట కూసుండి కతలు చెప్తది."

అప్పుడు నాకు ఇరువది నాలుగేండ్లు. చేతిలో ఎర్రసిరా కలము. "అవ్వ" కొట్టివేసి "అమ్మ" అని వ్రాసితిని. "పొద్దుగాల" పోయి "ఉదయమున" వచ్చెను. "సల్ల" స్థానమున "మజ్జిగ" కూర్చుండెను. "బాపు బాయికి పోతడు" అన్నచోట ప్రక్కన "నీళ్ళు తెచ్చుటకా?" అని వేళాకోళముగా వ్రాసితిని. బొగ్గుగనిని మన వారందరు బాయి యనియే అందురని నాకు తెలియక కాదు. మా మేనమామ ముప్పది యేండ్లు బాయిలో దిగినవాడే. తెలిసియు వ్రాసితిని. మొత్తము పదునాలుగు తప్పులు లెక్కపెట్టి ఇరువదింటికి ఆరు మార్కులు వేసితిని.

ఆ వారముననే సామెతల పాఠము వచ్చెను. "చల్లకు వచ్చి ముంత దాచినట్లు" అన్న సామెతను వివరించితిని. ఆ బాలిక లేచి నిలిచి, "సారూ, గా సామెతల మజ్జిగ అని ఎందుకు రాయలేదు?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. ప్రశ్న చక్కనిదని గ్రహించు తెలివి నాకు లేకపోయెను. అధిక ప్రసంగము చేయవలదని కూర్చుండబెట్టితిని.

శనివారమునాడు ఆమె తల్లి వచ్చెను. పుస్తకమును కొంగులో చుట్టి తెచ్చినది. ఆ పుట తెరచి, ఎర్రగీతపై వ్రేలుంచి, "నేను సదువుకోలే సారూ. గిక్కడ కొట్టేసింది నన్నేనట గద. అవ్వ అంటే తప్పా?" అనెను.

"తప్పు కాదమ్మా, పుస్తకంల అమ్మ అని ఉంటది" అంటిని. ఆ మాట నా నోట మా యింటి యాసలోనే వెలువడినది.

"పుస్తకంల అవ్వ అంటే ముసలామెనట. రాత్రి నా బిడ్డ నన్ను అమ్మా అని పిలిచింది. పక్కింటామెను పిలిచినట్టున్నది."

నేను మాటాడలేదు. ఆమె కొంతసేపు నిలిచి మరల ననెను: "ఇంట్ల మాట్లాడేది బళ్ళె తప్పయితే, గిది గూడ మాకు పరాయి భాషనేనాయె. అసొంటప్పుడు మరాఠీ బళ్ళె ఏసుడే మేలు గదా సారూ. నౌకరన్న దొరుకుతది."

జూన్‌లో బడి తెరచినప్పుడు ఆ బాలిక రాలేదు.

ఆమె తరువాత మరాఠీ మాధ్యమమున బాగుగా చదివినదనియు, మంచి ఉద్యోగమున నున్నదనియు వింటిని. కాబట్టి ఆమె చెడిపోయినదని చెప్పను. అట్లు చెప్పినచో అబద్ధమగును. కాని ఆ తల్లి వాదములో నాకు నేటికిని లొసుగు కనబడలేదు. తెలుగు మాధ్యమమున పిల్లలను చేర్పుడని ఇంటింటికి తిరిగి చెప్పువాడను నేను. మాతృభాష యని చెప్పి పిలిచి, మాత పేరునే కొట్టివేసినవాడను నేనే. రాజ్యాంగమున 350(ఏ) అధికరణము కలదు. 1956లో ఏడవ సవరణచేత చేరినది. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య నేర్పు వసతులు కల్పింపవలెనని అది చెప్పుచున్నది. ఆ మాతృభాష ఏ యింటిదో అధికరణము చెప్పలేదు. అది పంతులు తేల్చుకొనవలసిన సంగతి.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. మా యింట నేనును మా తల్లిని అవ్వ యనియే పిలిచెడివాడను. ఉపాధ్యాయ శిక్షణకు పోయినప్పుడు వసతిగృహమున కోస్తా జిల్లాల మిత్రులుండిరి. "మా అవ్వ ఉత్తరము వ్రాయించినది" అని నేననగా, "మీ అవ్వకు ఎన్నేండ్లు? పండ్లున్నవా?" అని నవ్విరి. వారియెడ నాకు కోపము లేదు; వారి సీమలో అవ్వ యనగా పండుముసలియే. ఆ సెలవులకు ఇల్లు చేరి "అమ్మా" అంటిని. ఆమె ఏమియు ననలేదు. కొంచెమాగి "అన్నం తింటవా" అనెను. ఆ బాలిక పుస్తకముపై నడచిన యెర్రసిరా ఎక్కడినుండి వచ్చినదో మీకు తెలిసియుండును.

ఇక మన మాట ఎక్కడినుండి వచ్చినదో చూతము. బల్లార్‌పూరు గోండురాజుల కోట యున్న ఊరు. ఖాండక్యా బల్లాళషా పేరు మీద వెలసినది. మన రైల్వేస్టేషను పేరు బల్హార్షాలో ఆ రాజు పేరు ఇంకను వినబడుచున్నది. 1929లో కాజీపేటనుండి ఇచ్చటికి ఇనుపదారి కలిసినది. 1945లో కాగితపు కంపెనీ స్థాపితమైనది. బొగ్గుబాయిలు అంతకుముందే యున్నవి. కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు వైపులనుండి మనవారు పనికై రైలెక్కి వచ్చిరి. మీ యిండ్లలో తాతలు చెప్పు కథలు పెక్కు ఇవియే.

కాని అంతకుముందు ఇచ్చట తెలుగు లేదనుకొనుట పొరపాటు. 1906లో అచ్చయిన భారతదేశ భాషా పరిశీలన గ్రంథపు నాలుగవ సంపుటమున చాందా జిల్లా తెలుగు మాటల ముచ్చట కలదు. ఆ గ్రంథమాలకు గ్రియర్సను దొర అధిపతి. ఆ సంపుటమును కూర్చినవాడు నార్వే దేశపు పండితుడు స్టెన్ కోనో. సాలెవారి మాటను "సాలేవారీ" యనియు, కోమట్ల మాటను "కోంటావు" అనియు వేరువేరు పేర్లతో పేర్కొనిరి. నేతగాని మాటకొక పేరు, వర్తకుని మాటకొక పేరు! మా బాపమ్మ సాలెవారి బిడ్డ. మగ్గము మానిన తరువాత కూడ ఆమె మాటలలో కండెలు, ఆసు, నాడె దొర్లుచుండెడివి. ఇంటిలో ఎవరైన ఊరక అటునిటు తిరిగినచో "నాడె లెక్క తిరుగుతున్నవేందిర" అనెడిది. తన మాటకు ఇంగ్లీషు గ్రంథమున ఒక పేరున్నదని ఆమెకు తెలిసియుండదు.

వర్ధానది ఇవతల మనము, అవతల రాజురా. నేడు రెండును ఒకే జిల్లా. 1956కు పూర్వము ఆ యొడ్డు నైజాము రాజ్యములోని ఆదిలాబాదు జిల్లాది. ఈ యొడ్డు మధ్యపరగణాలది. రాష్ట్రముల పునర్విభజనతో 1956లో రాజురా బొంబాయి రాష్ట్రమున కలిసినది. 1959లో చాందా జిల్లాకు వచ్చినది. 1960 మే 1న మహారాష్ట్రము ఏర్పడినది. ఇన్ని మారులు గీతలు మారినను వర్ధ మాత్రము తన దారిన పోయి వైన్‌గంగను కలిసికొని ప్రాణహితయై, సిరొంచా దాటి కాళేశ్వరము వద్ద గోదావరిలో పడుచున్నది. ఆ నీటివెంట మాటయు పోయినది, వచ్చినది. సిరొంచాలో సంతకు పోయి వినుడు. ప్రాణహితకు ఏ యొడ్డున నున్నారో చెవితో తెలిసికొనలేరు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు మాండలికములను ఊరూర సేకరింపించి, 1962లో వ్యవసాయ వృత్తి పదకోశమును వెలువరించిరి. చేనేత పదకోశము 1971లో వచ్చినది. తెలుగుసీమను ఉత్తరము, దక్షిణము, తూర్పు, మధ్యము అని నాలుగు మండలములుగా వారు విడదీసిరి. గొప్ప పని. కాని అది ఆంధ్రప్రదేశ్ ఎల్లలలోపల జరిగిన పని. మన బల్లార్‌పూరు, రాజురా, సిరొంచా ఆ పటమున లేవు. గీత అవతల నున్నవారిని లెక్కలోనికి తీసికొనకపోవుట ఎవరి తప్పును కాదు. ప్రభుత్వ వ్యవహారములు అట్లే నడచును. అయినను ఆ కోశమును మొదటిసారి తిరుగవేసినప్పుడు, పెండ్లి పందిట్లో తన పేరు పిలువరా యని చూచు చుట్టమువలె నేను వెదకితిని.

ఇప్పుడు ఎర్రసిరా సంగతి. "సల్ల" యనునది మోటు మాట యని నాడు నేననుకొంటిని. చల్ల యనునది పాతకావ్యముల మాట, సామెతలో నిలిచినది, మన నోట చకారము సకారమైనది, అంతే. "పొద్దుగాల"లో ప్రొద్దున్నది. ఇంకను వినుడు. "చేసిండు" అని వ్రాసినచో నేడును కొందరు కొట్టివేయుదురు. "చేశాడు" అని దిద్దుదురు. పూర్వకాలపు రూపము "చేసినాఁడు". అందలి అరసున్న కోస్తావారి నోట పూర్తిగా జారిపోయి చేశాడు అయినది. మన నోట నిండుసున్నగా నిలిచి చేసిండు అయినది. రెండును ఆ తల్లి బిడ్డలే. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడి వాడుక భాషకు పుస్తకములలో చోటు సంపాదించిరి. ఆ చోటులో కృష్ణా గోదావరి సీమల చదువరుల వాడుక ముందుగా పీట వేసికొనినది. తెలంగాణమువారి ఫిర్యాదు కూడ చిరకాలము ఇదియే. 2014లో ఆ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట కాళోజీ నారాయణరావుగారి పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా జరుపుచున్నారు.

ఈ వ్యాసమును నేను వ్రాయుచున్న భాష మా యింట ఎవ్వరును ఎన్నడును మాటాడినది కాదని మీరు గమనించియుందురు. ఇదియు నేర్చుకొన్న భాషయే. నాకు దీనిపై ప్రీతి కలదు. నేర్చుకొన్నదానిపై ప్రీతి యుండుటకు ఇంటిదానిని తిట్టనక్కరలేదని తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది.

ఇది మన యొక్కరి గొడవ కాదు. 17వ శతాబ్దిలో మచిలీపట్టణమునకు వర్తకమునకై వచ్చిన డచ్చివారిని చరిత్ర పాఠములో చదివితిరి గదా. వారి దేశపు ఉత్తర భాగమున ఫ్రీస్‌లాండ్ అను సీమ కలదు. అచ్చట నాలుగు లక్షలకు పైబడిన జనుల భాష ఫ్రీసియన్. అది డచ్చికి చుట్టము, ఆంగ్లమునకు ఇంకను దగ్గరి చుట్టము. తాళపుచెవిని ఫ్రీసియనులో "కాయ్" అందురు. ఆంగ్లపు "కీ" వంటిదే. డచ్చిలో అది "స్లోయ్టెల్". వారి దేవాలయము ఫ్రీసియనులో "చెర్కె", డచ్చిలో "కెర్క్". 1980 నుండి ఆ సీమలోని ప్రాథమిక పాఠశాలలలో ఫ్రీసియను తప్పక నేర్పవలసిన విషయము. అయినను కుర్రవారు "కాయ్" విడిచి డచ్చి మాటనే ఫ్రీసియను వాక్యములో నిలుపుచున్నారు. పట్టణములలో రెండు భాషలు కలిసిన మూడవ మాట కొన్ని శతాబ్దములనుండి వాడుకలో నున్నది. నెదర్లాండ్సుకును జర్మనీకిని నడుమ సరిహద్దున రెండు వైపుల పల్లెలవారు పూర్వము ఒకే మాట మాటాడెడివారు. ఇప్పుడు ఇటువారి మాట డచ్చి బడివైపు, అటువారి మాట జర్మను బడివైపు ఒరిగినది. చదువుచుండగా నాకు వర్ధానది కన్నులకు కట్టినది.

మన తరగతిలోనే చూడుడు. తాళము అన్నచో మాకు తాళమే. రాయలసీమవారు బీగము అందురు. మరాఠీలో కులూప్. దాని చెవిని మరాఠీవారు కిల్లీ యనియు చావీ యనియు అందురు. మొన్న ఎనిమిదవ తరగతి గది మూసియుండగా "తాళపుచెవి ఎవరి యొద్దనున్నది?" అని నేను బిగ్గరగా అడిగితిని. ఒక్కరును పలుకలేదు. "చావీ ఏడుంది?" అనగానే ముగ్గురు పరుగెత్తిరి. ఆ మాట వారి తప్పు కాదు. ఫ్రీస్‌లాండు పిల్లల తప్పును కాదు.

ఒకే రూపముండి అర్థము వేరైన మాటలతో మాత్రము జాగ్రత్త. మరాఠీలో "శిక్షణ్" అనగా విద్య. మనకు శిక్షణ వేరు. వారి "అభ్యాస్" చదువు. మన అభ్యాసము సాధన. వారి "కాదంబరీ" నవల. వారి "దప్తర్" పుస్తకముల సంచి. ఒక తండ్రి తన పిల్లవాని సంచి పోయినదని తెలుగులో అర్జీ వ్రాయుచు "నా కుమారుని దఫ్తరము పోయినది" అని వ్రాసెను. చదివి, ఆ కుమారుడు ఏ యుద్యోగము చేయుచున్నాడో యని నేను క్షణకాలము ఆలోచించితిని.

పొరుగువారి స్థితియు తెలిసికొనదగినదే. ప్రక్కగది మరాఠీ మాస్టారు ఈ జిల్లాలోని పల్లెవారు. వారి యింట మాటాడునది ఝాడీబోలీ. వారి యూర నీరు "పానీ", పుస్తకమున "పాణీ". "మీ అవ్వ కథ నాకు తెలియనిది కాదు; నా ణకారమునకు పూనాలో ఎన్ని దెబ్బలు తగిలినవో మీకేమి తెలియును?" అని ఒకనాడు టీ త్రాగుచు నవ్విరి. మరాఠీ బడికి పోయిన ఆ బాలికకు అచ్చటను ఎర్రసిరా తప్పియుండదని అప్పుడు నాకు తోచినది.

గోండుల సంగతి యిక చెప్పనేల. ఇది వారి యూరు. బడిలో వారి మాటకు బల్లయే లేదు. ఒక గోండు బాలుడు నాకు లెక్క వినిపించెను: రండ్, మూండ్, నాలూంగ్, ఆరుకు సారూంగ్, ఏడుకు ఏడూంగ్. తరగతిలోని మన పిల్లలు నోళ్ళు తెరచి వినిరి. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును గోండిని ఒకే శాఖలో చేర్చుదురు. కొలామీ, నాయకీ ప్రక్క శాఖవి. చుట్టములు ఇంటిముందే యుండగా మనము పలుకరింపలేదు.

తలిదండ్రులలో కొందరు నన్ను నిలదీయుదురు: "పంతులుగారూ, యాసలో వ్రాసినచో పరీక్షలో మార్కులెవరు వేయుదురు?" వారి మాట నిజము. పరీక్షలో మజ్జిగ యనియే వ్రాయవలెను. బొంబాయిలో నున్న తెలుగువాడును, విజయనగరమున నున్న తెలుగువాడును చదివి తెలిసికొనుటకు ఒక పుస్తకభాష కావలెను. దానిని నేర్పుట నా పని, మానను. నేను మానినది కొట్టివేత మాత్రమే. ఇప్పుడు "సల్ల" క్రింద గీత గీయను. ప్రక్కన "మజ్జిగ" అని వ్రాయుదును. రెండును ఉండును. ఎర్రసిరా సీసా యెండిపోయినది, నీలిసిరాతోనే దిద్దుచున్నాను. మార్కులు లెక్కపెట్టుటకు కొంచెమాలస్యమగుచున్నది. ప్రధానోపాధ్యాయులు ఇంతవరకు ఏమియు ననలేదు.

ఎనిమిదవ తరగతి వారు ఒక పెద్ద పుస్తకము కుట్టిరి. ఇంటిలో వినిన మాటను, ఎవరినుండి వినినదియు, ఏ యూరినుండి వచ్చినదియు అందులో వ్రాయుచున్నారు. పుటకు నాలుగు వరుసలు: ఇంటి మాట, పుస్తకపు మాట, మరాఠీ మాట, దొరికినచోట గోండి మాట. "ఆలుగడ్డ" యెదుట "బంగాళాదుంప" యనియు, దాని క్రింద ఒక రాయలసీమ పిల్లవాడు చెప్పిన "ఉర్లగడ్డ" యనియు ఉన్నవి. "నాగలి" యెదుట మరాఠీ "నాంగర్" చేరినది. దక్షిణమున "మడక" యందురని నేను చేర్చితిని. "బాయి" యెదుట గని యని వ్రాసినవాడు ఒక బాయి కార్మికుని మనుమడు. మొదటి పుట మొదటి వరుసలో "అవ్వ" అని నా చేతితో నేనే వ్రాసితిని.

ఆ పుస్తకమున చేనేత పుట ఖాళీగా నున్నది. మగ్గము గుంటలో కాలితో త్రొక్కెడి పలకను మా బాపమ్మ ఒక మాటతో పిలిచెడిది. చిన్ననాడు ఆ గుంటలో దిగి దానిపై నిలిచి ఊగెడివాడను. ఆమె ఆ పేరు పెట్టి కేకలు వేయుచుండెడిది. కేక చెవిలో నున్నది, మాట లేదు. పుస్తకములలోని పేర్లు దొరికినవి, కాని వానిలో ఏదియు ఆమెది కాదు. మీ యిండ్లలో మగ్గమెరిగిన పెద్దలున్నచో అడిగి, ఆ మాటను ఎనిమిదవ తరగతి వారికి చెప్పి పంపగోరుచున్నాను.